డోపమైన్ తూములు: మెదడు ఆ రసాయనాన్ని ఎలా అదుపులో పెట్టుకుంటుంది

మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. చన్నీళ్లలో మునిగితే అది 250 శాతం పెరుగుతుందన్న మాట ఈమధ్య రీల్స్‌లో, పాడ్‌కాస్టుల్లో తెగ తిరుగుతోంది. ఆ అంకె ఎవరో ఊహించి చెప్పింది కాదు. 2000లో చెక్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలోది. యువకుల్ని 14 డిగ్రీల నీళ్లలో మెడదాకా గంటసేపు ఉంచి, రక్తం తీసి చూశారు. ప్లాస్మాలో నోర్‌అడ్రినలిన్ 530 శాతం, డోపమైన్ 250 శాతం పెరిగినట్టు తేలింది. అధ్యయనం నిజమే, అంకె నిజమే. కొలిచింది మాత్రం రక్తంలో. మెదడులో ఏం జరిగిందో ఆ పరీక్ష చెప్పలేదు.

చూడ్డానికి చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ డోపమైన్ గురించి మనం వినే మాటల్లో చాలా గందరగోళం ఇక్కడి నుంచే పుడుతోంది. బండికి పెట్రోలు ముల్లు ఉన్నట్టు ఒంట్లో డోపమైన్‌కు ఒక ముల్లు ఉందని, ఫోను చూస్తే అది పడిపోతుందని, నాలుగు రోజులు ఫోను మానేస్తే మళ్లీ నిండుతుందని అనుకుంటాం. అలాంటి ముల్లు లేదు.

ఊరి చెరువును గుర్తు చేసుకోండి. చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో తెలిసినంత మాత్రాన ఏ మడి తడిసిందో తెలియదు. ఏ తూము లేచింది, ఎప్పుడు లేచింది, ఎంతసేపు లేచి ఉంది, పారిన నీళ్లు ఎక్కడ ఇంకిపోయాయి అన్నవి వేరే ప్రశ్నలు. తెలంగాణ పల్లెల్లో ఆ లెక్క చూసే మనిషిని నీరటి అంటారు. కోస్తా కాలువల మీద ఆ పని లస్కర్లది. మెదడులో డోపమైన్‌కు ఒక్క నీరటి లేడు, చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల గురించే.

## రక్తంలోది మెదడుకు చేరదు

బీపీ బాగా పడిపోయిన రోగికి ఐసీయూలో డోపమైన్ డ్రిప్ పెట్టడం దశాబ్దాలుగా ఉన్న వైద్యమే. గుండె గట్టిగా కొట్టుకుంటుంది, మోతాదు పెరిగితే రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంత డోపమైన్ నేరుగా నరంలోకి ఎక్కించినా రోగికి హుషారు రాదు, పార్కిన్సన్స్ రోగి వణుకు తగ్గదు. కారణం, మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. డోపమైన్ ఆ గోడను దాటలేదు. దాని ముందురూపమైన ఎల్-డోపా మాత్రం దాటగలదు. అమైనో ఆమ్లాలను లోపలికి చేరవేసే రవాణా ప్రొటీన్ దాన్నీ తనతో తీసుకుపోతుంది.

ఈ గోడ సంగతి మన ఇళ్లలోని మందుల డబ్బాలోనే కనిపిస్తుంది. గ్యాస్ మాత్రల్లో పాంటప్రజోల్‌తో కలిపి వచ్చే డాంపెరిడోన్ డోపమైన్‌ను అడ్డుకునే మందు. అది మెదడులోకి పెద్దగా వెళ్లదు. వాంతిని పసిగట్టే చిన్న ప్రాంతం మెదడు అడుగున ఉన్నా ఆ గోడకు బయటే ఉంటుంది కాబట్టి, అక్కడ పనిచేసి వికారం తగ్గిస్తుంది. అదే పనికి వాడే మెటోక్లోప్రమైడ్ గోడ దాటుతుంది. అందుకే కొద్దిమందిలో, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి వెళ్లిపోవడం లాంటివి వస్తాయి. పిల్లకు గాలి సోకిందేమోనని ఇంట్లో వాళ్లు హడలిపోయే దృశ్యం అది. కదలికను నడిపే చోట ఆ మందు డోపమైన్‌కు అడ్డుపడటమే కారణం.

పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్ తయారుచేసే భాగం కూడా ఈ గోడకు బయటే ఉంది. అక్కడ డోపమైన్ పని ఉత్సాహం ఇవ్వడం కాదు, ఆపడం. పిట్యూటరీకి పైన ఉండే హైపోథాలమస్ అనే మెదడు భాగం నుంచి నిరంతరం దిగుతూ, పాలు పడటానికి కారణమైన ప్రొలాక్టిన్‌ను తొక్కి ఉంచుతుంది. డాంపెరిడోన్ ఆ తొక్కుడును తీసేస్తే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. బిడ్డకు పాలివ్వని స్త్రీలలో కూడా కొందరికి పాలు రావడం, నెలసరి తప్పడం అందుకే. "ఆనంద రసాయనం" అన్న పేరు ఇక్కడ ఎంతమాత్రం అతకదు.

## తయారీలో మొదటి తూము

పప్పు, పాలు, గుడ్లు, మాంసం, వేటిలోనైనా ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం డోపమైన్‌కు ముడిసరుకు. మెదడు కణంలో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఎల్-డోపాగా మారుస్తుంది. ఇంకో ఎంజైమ్ ఎల్-డోపాను డోపమైన్‌గా మారుస్తుంది. రెండో మెట్టు చకచకా జరిగిపోతుంది. నెమ్మదిగా జరిగేది మొదటిది, అదుపంతా దాని దగ్గరే. మామూలు తిండి తినే మనిషిలో ఆ ఎంజైమ్‌కు టైరోసిన్ ఇప్పటికే దాదాపు సరిపడా అందుతుంటుంది. అదనంగా పోసినా పని వేగం పెద్దగా పెరగదు. పైగా కణంలో డోపమైన్ పేరుకుంటే అదే వచ్చి ఆ ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది. "డోపమైన్ పెంచే పది ఆహారాలు" లాంటి జాబితాలు ఈ మొదటి తూము దగ్గరే ఆగిపోతాయి.

తయారైన డోపమైన్‌ను చిన్న చిన్న సంచుల్లోకి నింపాలి. విఎమ్ఎటి2 అనే పంపు ఆ పని చేస్తుంది. దీని ప్రాధాన్యం తెలియడం వెనక మన నేల మొక్క ఒకటి ఉంది. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను ఒకప్పుడు బీపీకి విరివిగా వాడేవారు. అది ఆ పంపును మూసేస్తుంది. సంచుల్లోకి చేరని డోపమైన్ కణంలోనే విరిగిపోతుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి కదలకుండా కూలబడ్డాయి. ఎల్-డోపా సూది వేయగానే కొద్దిసేపట్లో లేచి తిరిగాయి. అప్పటిదాకా డోపమైన్ అంటే నోర్‌అడ్రినలిన్ తయారీలో మధ్య మెట్టు మాత్రమేనని అనుకునేవారు. దానికంటూ సొంత పని ఉందని, అది కదలికకు సంబంధించిందని ఆ కుందేళ్లు చూపించాయి. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఎల్-డోపాకూ మన చేలగట్లతో చుట్టరికం ఉంది. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి కాయ తెలుసు కదా, ఆ గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లోనే దాన్ని వేరుచేసి ప్రచురించారు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు.

## నిలకడ ధార, ఉన్నట్టుండి ఉరవడి

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటే, నడిమెదడులో డోపమైన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే. లక్షమందికి ఒక్కరు కూడా రారు. ఇంత తక్కువమంది ఇంత పని ఎలా చేస్తారన్నది వాళ్ల తీగల్లో, అంటే కణం నుంచి సాగి సంకేతాన్ని మోసుకెళ్లే పోగుల్లో, ఉంది. ఎలుకలో ఒక డోపమైన్ కణం తీగను కొమ్మలన్నిటితో కలిపి కొలిస్తే 78 సెంటీమీటర్ల దాకా వచ్చింది. ఎలుకను తోకతో కలిపి కొలిచినా అంత ఉండదు. ఒక్కో కణం మెదడులో పెద్ద ఆయకట్టుకే నీరు పెడుతోందన్నమాట.

ఈ కణాలు రెండు తీరుల్లో పనిచేస్తాయి. ఏమీ జరగనప్పుడు సెకనుకు నాలుగైదు సార్లు తమంతట తామే చిన్న విద్యుత్ సంకేతంతో మిణుకుమంటుంటాయి. దీన్ని నిలకడ ధార అందాం. ఏదైనా విశేషం జరిగితే సెకనుకు 20 సార్లు, అంతకు పైన కూడా, గుంపుగా పేలతాయి. ఇది ఉరవడి. సెకనులో కొన్ని వంతులసేపే ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంది, తరచూ మరిచిపోయేది: ఒక్కోసారి అవి పూర్తిగా మౌనం పాటిస్తాయి. మౌనం కూడా సంకేతమే.

ఉరవడి దేనికి వస్తుందో నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రామ్ ష్యుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. కోతికి పళ్లరసం చుక్క ఇస్తే డోపమైన్ కణాలు పేలాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, దీపం వెలగగానే పేలాయి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. దీపం వెలిగాక రసం ఇవ్వకపోతే సరిగ్గా రసం రావలసిన క్షణంలో మౌనమైపోయాయి. 1997లో ష్యుల్ట్స్, పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్ కలిసి దీనికి ఒక లెక్క ఇచ్చారు. డోపమైన్ చెబుతున్నది ఆనందం ఎంతో కాదు, వచ్చినదానికీ అనుకున్నదానికీ తేడా ఎంతో.

మన వీధిలోకి తెచ్చుకుని లెక్క వేసి చూద్దాం. నాలుగేళ్ల పాప, వీధిలోకి పీచుమిఠాయి బండి, గంట మోత. మిఠాయి విలువ 10 అనుకుందాం. పాప తన అంచనాను రోజూ ఆ రోజు తేడాలో సగం మేర సవరించుకుంటుందనుకుందాం. మొదటి రోజు గంటకు అర్థమే తెలియదు, అంచనా 0. తాతయ్య మిఠాయి కొనిచ్చాడు. తేడా 10, కొత్త అంచనా 5. రెండో రోజు తేడా 5, అంచనా 7.5. మూడో రోజు తేడా 2.5, అంచనా 8.75. నాలుగో రోజు తేడా 1.25, అంచనా 9.375. మిఠాయి అదే, తీపి అదే. మిఠాయి చేతికొచ్చిన క్షణంలో ఉరవడి మాత్రం సన్నగిల్లిపోతోంది. అది గంట మోత వైపుకు జరిగిపోతోంది, ఎందుకంటే గంట ఎప్పుడు మోగుతుందో పాపకు తెలియదు. ఐదో రోజు గంట మోగింది, తాతయ్య ఇంట్లో లేడు. తేడా మైనస్ 9.375. మొదటి రోజు మిఠాయి దొరక్కపోయి ఉంటే పాపకు ఏమీ అనిపించేది కాదు, ఐదో రోజు వీధి దద్దరిల్లేలా ఏడుస్తుంది.

తాతయ్య ఒక రోజు కొని, ఒక రోజు కొనకుండా ఉంటే అంచనా ఎప్పటికీ కుదురుకోదు, తేడా ఎప్పటికీ సున్నా కాదు. లాటరీ టికెట్టుకూ, వేలితో లాగితే కొత్తది వచ్చే ఫోను తెరకూ ఉన్న పట్టుకు శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఇదొకటి.

## ఆ కణాలను అదిలించేది ఎవరు

వచ్చినదాంట్లోంచి అనుకున్నది తీసేయడమంటే తీసివేత లెక్క. ఆ లెక్క డోపమైన్ కణం ఒక్కటే కూర్చుని వేయదు. చుట్టూ ఉన్న ఎన్నో ప్రాంతాల నుంచి దానికి ఉత్తర్వులు వస్తుంటాయి, కొన్ని పొమ్మని, కొన్ని ఆగమని. మెదడు నడిమధ్యలో హాబెన్యులా అనే చిన్న ముద్ద ఉంది. ఆశించింది దక్కనప్పుడు దాని కణాలు పేలతాయని, అవి పేలగానే డోపమైన్ కణాలు అణిగిపోతాయని 2007లో మసయుకి మత్సుమోతో, ఒకిహిదె హికొసక కోతుల్లో చూపించారు. పాప ఏడుపుకు ముందు లోపల జరిగేది దాదాపు ఇదే అనుకోవచ్చు.

డోపమైన్ కణాల పక్కనే గాబా అనే రసాయనంతో పనిచేసే కణాలు ఉంటాయి. ఇవి ఎప్పుడూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంటాయి. మత్తు పదార్థాల్లో చాలావాటి కిటుకు ఈ బ్రేకు దగ్గరే ఉంది. మార్ఫిన్, హెరాయిన్ డోపమైన్ కణాన్ని నేరుగా తట్టిలేపవు. బ్రేకు వేసే గాబా కణాలను నిద్రపుచ్చుతాయి. బ్రేకు మీద కాలు లేచిపోతే బండి దానంతట అదే దూసుకుపోతుంది.

తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో తరచూ బయటపడే డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కూడా ఇదే దారిలో నడుస్తాయని 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపింది. ఇవి నిద్రకూ ఆందోళనకూ వాడే మందులు, మనిషిని మందకొడిగా చేసేవి. అలాంటివి అలవాటుగా ఎలా మారతాయన్న సందేహం సహజం. అవి మెదడు అంతటా గాబా పనిని పెంచుతాయి. అయితే డోపమైన్ కణాల చెంత, వాటి ప్రభావం బ్రేకు కణాల మీదే ముందు, గట్టిగా పడుతుంది. బ్రేకుకే బ్రేకు పడి డోపమైన్ పొంగుతుంది. ఆ కల్లు దొరకని రోజున వణుకు, ఫిట్స్, మతి చెదరడం రావడం వేరే సంగతి. గాబా వ్యవస్థ ఆ మందుకు తగ్గట్టు మారిపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే పట్టు తప్పుతుంది. కల్లు తాగే కూలీని బలహీనుడని తిట్టేముందు, అతను తాగుతున్నది కల్లు కాదని గుర్తుంచుకోవాలి.

## విడుదలైన చోటే ఆపుకోవడం, తిరిగి పీల్చుకోవడం

డోపమైన్ తీగ మీద వేల కొద్దీ ఉబ్బులు ఉంటాయి. విడుదల అక్కడ జరుగుతుంది. అన్నిట్లోనూ జరుగుతుందని మొదట్లో అనుకున్నారు. ఎలుకల్లో దాదాపు 30 శాతం ఉబ్బుల్లో మాత్రమే విడుదలకు కావలసిన యంత్రాంగం ఉందని 2018లో తేలింది. విడుదలైంది ఒక్క కణానికే పరిమితం కాదు, చుట్టూ పాకుతుంది.

పాకేదాన్ని ఆపడానికి మూడు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, డోపమైన్ కణం తన మీద తానే పెట్టుకున్న కాపలా. తన ఒంటి మీద, తీగ మీద డి2 అనే గ్రాహకాలు, అంటే డోపమైన్‌ను అందుకునే ప్రొటీన్లు, ఉంటాయి. తాను వదిలిన డోపమైనే వచ్చి వాటికి తగిలితే పేలడం తగ్గుతుంది, విడుదల తగ్గుతుంది, తయారీ కూడా తగ్గుతుంది. చెరువు నిండగానే తనంతట తానే పారే అలుగు లాంటిది. రెండోది, విడుదలైనదాన్ని తిరిగి కణంలోకి పీల్చుకునే డాట్ అనే పంపు. మూడోది, మావో, కామ్ట్ అనే ఎంజైములు. మిగిలినదాన్ని ఇవి విరిచేస్తాయి.

వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది డాట్. 1996లో ఆ పంపు జన్యువునే తీసేసిన ఎలుకలను తయారుచేశారు. బయటికి వచ్చిన డోపమైన్ మామూలుకన్నా కనీసం 100 రెట్లు ఎక్కువసేపు అక్కడే నిలిచింది. ఎలుకలు క్షణం కుదురుగా ఉండలేకపోయాయి. ఇంతవరకు ఊహించిందే. ఊహించనిది, కణాల లోపలి నిల్వ మామూలులో ఇరవయ్యో వంతుకు పడిపోయింది. అంటే మెదడు రోజూ వాడుకునే డోపమైన్‌లో ఎక్కువ భాగం కొత్తగా తయారైంది కాదు, ఒకసారి వదిలి మళ్లీ పట్టుకున్నది. ఇప్పుడు ఆ ఎలుకలో డోపమైన్ "ఎక్కువ" ఉందా, "తక్కువ" ఉందా? కణాల బయట ఎక్కువ, లోపల చాలా తక్కువ. ఒకే అంకెతో జవాబు చెప్పలేం.

కొకైన్ ఈ పంపును మూసేస్తుంది. ధ్యాస నిలవని, కుదురు లేని సమస్య ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కూడా అదే పంపును మూస్తుంది. ఒకటి మత్తు, ఇంకొకటి పిల్లలకు ఇచ్చే మందు ఎలా అయ్యాయంటే, తేడా చాలావరకు వేగంలో ఉంది. పీల్చిన కొకైన్ నిమిషాల్లో మెదడుకెక్కి, నిమిషాల్లో దిగుతుంది, ఉరవడిలా. మింగిన మాత్ర గంట, గంటన్నర పట్టి మెల్లగా ఎక్కుతుంది, ధారలా. యాంఫెటమైన్లు ఇంకో అడుగు వేసి పంపును వెనక్కి తిప్పుతాయి, పీల్చుకోవలసింది కక్కేస్తుంది.

నుదుటి వెనకాల, ఆలోచనను పట్టి ఉంచే ముందుభాగం కార్టెక్స్‌లో డాట్ చాలా తక్కువ. అక్కడ ఆ పని కామ్ట్ ఎంజైమూ, నోర్‌అడ్రినలిన్‌ను పీల్చే పంపూ పంచుకుంటాయి. కామ్ట్ జన్యువులో రెండు సాధారణ రూపాలున్నాయి. ఒకటి చురుకు, ఒకటి నెమ్మది. దీన్ని పట్టుకుని "యోధుడి జన్యువు, చింతాపరుడి జన్యువు" అని అమ్మే జన్యు పరీక్షలున్నాయి. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఆ తేడా ప్రభావం చాలా చిన్నదిగానే కనిపించింది. అక్కడ డోపమైన్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఏకాగ్రత చెడుతుందన్నది మాత్రం గట్టిగా నిలిచిన విషయం.

## అందుకునే చేతులు

డోపమైన్‌కు తనంతట తానుగా అర్థం లేదు. అందుకునే గ్రాహకాన్ని బట్టి అర్థం వస్తుంది. గ్రాహకాలు ఐదు రకాలు. డి1, డి5 ఒక కుటుంబం, కణాన్ని ఉసిగొల్పే వైపు. డి2, డి3, డి4 ఇంకో కుటుంబం, కణాన్ని తగ్గించే వైపు. కదలికకు కీలకమైన స్ట్రయాటమ్‌లో రెండు ముఠాల కణాలున్నాయి. డి1 ఉన్నవి "కానివ్వు" అనే దారిలో, డి2 ఉన్నవి "ఆగు" అనే దారిలో. ఒకే డోపమైన్ మొదటి దారిని తెరుస్తూ, రెండో దారిని అణుస్తుంది. రెండూ కలిసి కదలికకు అనుమతి ఇస్తాయి.

గ్రాహకాల లెక్క స్థిరంగా ఉండదు. ఒంటరిగా ఉంచిన మగ కోతుల్ని గుంపులో వేస్తే, పెత్తనం దక్కించుకున్నవాటిలో డి2 అందుబాటు పెరిగిందనీ, అవి కొకైన్‌కు తక్కువగా లొంగాయనీ 2002లో చూపించారు. బతికే పరిస్థితి గ్రాహకాల దాకా దిగుతుందనడానికి ఇంత స్పష్టమైన సాక్ష్యాలు తక్కువ.

## శాస్త్రవేత్తలు తేల్చుకోనివి

"అంచనాకీ వాస్తవానికీ తేడా" అన్న సిద్ధాంతం పాఠ్యపుస్తకాలకెక్కింది గానీ అదే చివరి మాట కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ చెప్పేది వేరు. డోపమైన్ దాదాపు పూర్తిగా పోగొట్టిన ఎలుకలు తిండి కోసం కదలవు, అయినా నోట్లో చక్కెర నీళ్లు పోస్తే మామూలుగానే పెదాలు నాకుతాయి. కాబట్టి డోపమైన్ రుచి కాదు, నేర్పు కూడా కాదు, కావాలనే తహతహ అంటారాయన. ఇంకో పరిశోధకుడు జాన్ సలమోన్ వర్గం దృష్టిలో అది శ్రమకు ఒప్పించే బలం. డోపమైన్ తగ్గిన ఎలుక కష్టపడి సంపాదించే మంచి తిండి వదిలేసి, కాళ్ల దగ్గర పడి ఉన్న చప్పిడి తిండితో సరిపెట్టుకుంటుంది. 2022లో హుయిజాంగ్ జాంగ్, విజయ్ నంబూద్రి బృందం మొత్తం లెక్కనే తిరగేసింది. మెదడు ముందుకు చూసి అంచనా వేయడం లేదు, ఫలితం వచ్చాక వెనక్కి తిరిగి "దీనికి కారణం ఏమిటి" అని వెతుకుతోంది, డోపమైన్ ఆ వెతుకులాటకు గుర్తు అన్నది వాళ్ల వాదన. అంచనా సిద్ధాంతం వాళ్లు తమ సమీకరణాన్ని కాస్త సవరిస్తే ఆ ఫలితాలూ అందులో ఇముడుతాయని బదులిచ్చారు. నా మట్టుకు నాకు ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవిగా కనిపించవు. ఒకే అణువు వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు సేపు పనిచేస్తున్నప్పుడు, ఒక్కో ప్రయోగశాల ఒక్కో తూము దగ్గర నిలబడి చూస్తోందేమో.

ఇంకో వివాదం నేరుగా అదుపు గురించినదే. విడుదల ఎంత ఉండాలన్నది కణం పేలుడు నిర్ణయిస్తుందా, తీగ చివర నిర్ణయమవుతుందా? స్ట్రయాటమ్‌లో అసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని వదిలే కణాలు కొద్దిగానే ఉన్నా, అవి ఒక్కుమ్మడిగా పేలితే పక్కనున్న డోపమైన్ తీగ, తన కణం ఆజ్ఞ లేకుండానే డోపమైన్ వదులుతుందని 2012లో చూపించారు. ఎగువన లస్కరు షట్టరు ఎత్తకుండానే దిగువన రైతు కాలువకు గండి పెట్టుకున్నట్టు. పొగాకులోని నికోటిన్ పట్టుకునేది కూడా ఆ తీగల మీది గ్రాహకాలనే. బతికి, మెలకువగా తిరుగుతున్న జంతువులో ఈ గండి ఎంత ముఖ్యమన్నది ఇంకా వాదనలోనే ఉంది. కణాల పేలుడు మారకుండానే విడుదల మారిందని కొన్ని ప్రయోగాలు చెబితే, రెండూ జతగానే నడిచాయని మరికొన్ని చెబుతున్నాయి.

## డీటాక్స్ మాటలో నిలిచేదెంత

కొన్నాళ్లు ఫోను లాంటివి మానేయడాన్ని డోపమైన్ ఫాస్టింగ్ అనీ, డీటాక్స్ అనీ అంటున్నారు. "డోపమైన్ ఫాస్టింగ్" అన్న మాటకు 2019లో ప్రచారం తెచ్చిన కాలిఫోర్నియా మనస్తత్వ నిపుణుడు కామెరాన్ సెపా స్వయంగా చెప్పింది ఏమిటంటే, అది డోపమైన్‌ను తగ్గించడం గురించి కాదు, హద్దు మీరిన అలవాట్లను దూరం పెట్టడం గురించి. జనంలో మాత్రం పేరే నిలిచిపోయింది. డోపమైన్ విషం కాదు కాబట్టి డీటాక్స్ అన్న పదానికి అర్థం లేదు. కళ్లు మూసుకుని గదిలో కూర్చున్నా నిలకడ ధార సెకనుకు నాలుగైదు సార్లు నడుస్తూనే ఉంటుంది, నడవకపోతే లేచి నిలబడలేం.

మరి వారం పాటు ఫోను పక్కన పెట్టినవాళ్లు తేలిగ్గా ఉందని చెబితే అబద్ధమా? కాదు. పాప ఉదాహరణలో గంట మోత తీసేసినట్టు, ఫోను మోతలూ ఎర్ర చుక్కలూ కంటికి దూరమైతే వాటికి కట్టుకున్న ఉరవడులు రావు. నిద్ర కూడా మెరుగుపడి ఉండవచ్చు. దీన్ని వివరించడానికి డోపమైన్ "నిండింది" అనాల్సిన పనిలేదు.

వీడియో ఆటలు మెదడును డోపమైన్‌తో ముంచెత్తుతాయనడానికి చూపే పాత ఆధారం 1998 నాటి లండన్ అధ్యయనం. ఎనిమిదిమంది మగవాళ్లు వీడియో గేమ్ ఆడుతుంటే స్కాన్ తీశారు. ఆ స్కాన్ డోపమైన్‌ను కొలవదు. డి2 గ్రాహకాలకు అతుక్కునే ఒక గుర్తు పదార్థాన్ని కొలుస్తుంది, డోపమైన్ వస్తే ఆ పదార్థానికి చోటు తగ్గుతుంది. స్ట్రయాటమ్ కింది భాగంలో ఆ అతుకు సుమారు 13 శాతం తగ్గింది. మనిషి ఒక లక్ష్యంతో పని చేస్తుంటే డోపమైన్ విడుదలవుతుందనడానికి అది తొలి మంచి సాక్ష్యం. హాని జరిగిందని ఆ అధ్యయనం అనలేదు.

## తూములన్నీ ఒకేచోట కనిపించే జబ్బు

ఇంతవరకు చెప్పినవన్నీ పార్కిన్సన్స్ వచ్చిన మనిషిలో ఒక్కొక్కటిగా బయటపడతాయి. 1960లో వియన్నాలో ఒలేహ్ హోర్నికివిచ్ ఆ రోగుల మెదళ్లలో, స్ట్రయాటమ్‌లో డోపమైన్ దారుణంగా తగ్గిందని కనిపెట్టాడు. ఆశ్చర్యం ఏమిటంటే చెయ్యి వణకడం, అడుగులు చిన్నవి కావడం బయటపడేనాటికే అక్కడి డోపమైన్‌లో సగానికి పైగా పోయి ఉంటుంది. అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారు? మిగిలిన కణాలు ఎక్కువ తయారుచేశాయి, ఎక్కువ వదిలాయి. పీల్చుకునే పంపులు తగ్గాయి కాబట్టి వదిలింది ఎక్కువదూరం పాకింది. అందుకునే గ్రాహకాలు చురుకెక్కాయి. నీరటులందరూ కలిసి ఎండుతున్న చెరువుతోనే ఆయకట్టును నిలబెట్టారు.

అప్పుడు ఎల్-డోపా మాత్ర వస్తుంది. రక్తంలోనే డోపమైన్‌గా మారిపోకుండా కార్బిడోపా అనే ఇంకో మందు తోడుంటుంది. మొదటి కొన్నేళ్లు రోజుకు మూడు మాత్రలతో బండి సాఫీగా నడుస్తుంది. నిజానికి రక్తంలో ఎల్-డోపా గంటన్నరకే సగం అయిపోతుంది. అయినా సాఫీగా ఉండటానికి కారణం, మిగిలిన తీగలు దాన్ని సంచుల్లో దాచుకుని మెల్లగా వదలడం. తీగలు తగ్గేకొద్దీ ఆ దాపు పోతుంది. మాత్ర ఎక్కినప్పుడు కదలిక, దిగినప్పుడు బిగుసుకుపోవడం. పప్పన్నం, పెరుగన్నం తిన్న వెంటనే వేసుకున్న మాత్ర కొందరిలో సరిగా పనిచేయకపోవడం కూడా ఇప్పుడే కనబడుతుంది. తిండిలోని అమైనో ఆమ్లాలూ, ఎల్-డోపా గోడ దాటించే రవాణా ప్రొటీన్ అనే ఒకే పడవకు పోటీపడుతుంటాయి మరి.

చివరికి ఒళ్లు తనకు తెలియకుండా మెలికలు తిరిగే దశ చాలామందికి వస్తుంది. ఎలుకల్లో దీని గుట్టు కొంత విప్పారు. ఎల్-డోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైమ్ సెరటోనిన్ అనే ఇంకో రసాయనాన్ని వదిలే కణాల్లో కూడా ఉంది. డోపమైన్ కణాలు పోయాక ఆ పని ఇవి అందుకుంటాయి. కానీ వీటికి డి2 కాపలా లేదు, డాట్ పంపు లేదు. ఎంత వదిలాయో వీటికే తెలియదు. డోపమైన్ ఉంది, నీరటి లేడు.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్‌లా నటిస్తూ నేరుగా గ్రాహకాలను తాకుతాయి. జబ్బు మొదట దెబ్బతీసేది కదలికను చూసే స్ట్రయాటమ్ పైభాగాన్ని. కోరికను చూసే కిందిభాగం కొంతకాలం బాగానే ఉంటుంది. పైభాగానికి సరిపోయిన మోతాదు కిందిభాగంలో పొంగిపోతుంది. జీవితమంతా పైసాపైసా కూడబెట్టిన పెద్దమనిషి ఉన్నట్టుండి జూదానికి, అక్కర్లేని కొనుగోళ్లకు, లైంగిక విషయాల్లో హద్దు మీరడానికి దిగడం కొందరిలో జరుగుతుంది. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు, ముసలితనంలో బుద్ధి గడ్డి తింది అనుకుంటారు. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే మోతాదు తగ్గిస్తే లేదా మందు మారిస్తే చాలామందిలో ఆ తపన చల్లారుతుంది. అదీ ఒక్కసారిగా ఆపడం కుదరదు. కొన్నేళ్లుగా బయటి మందుకు అలవాటుపడిన గ్రాహకాలు ఉన్నట్టుండి ఖాళీ అయితే గుబులు, నిస్పృహ, చెమటలు, భరించలేని అలసట ముంచుకొస్తాయి. అందుకే డాక్టర్లు వారాల తరబడి కొంచెం కొంచెంగా దించుతారు, ఎక్కించినట్టే.